కంప్యూటరు చెప్పినా ప్రింటరు కదలనప్పుడు ఏం చేయాలి?

మొన్నటి వర్షాకాలంలో ఒక సాయంత్రం శ్రీకాకుళంలో ఉరుములతో పెద్ద వాన పడి, రెండు గంటల సేపు కరెంటు పోయి వచ్చింది. మరునాడు ఉదయం మా అమ్మాయికి పరీక్ష. హాల్‌టికెట్ ప్రింటు తీద్దామని కంప్యూటరు ముందు కూర్చుంటే, ముందురోజు దాకా చక్కగా పనిచేసిన ప్రింటరు పేరు కింద ‘ఆఫ్‌లైన్’ అనే మాట కనిపించింది. ప్రింటరు మీద దీపం వెలుగుతూనే ఉంది, కాగితం ఉంది, ఇంకు ఉంది. రాత్రి పదకొండు దాకా డ్రైవరును, అంటే ప్రింటరును నడపడానికి కంప్యూటరులో వేసే సాఫ్ట్‌వేరును, తీసేసి మళ్లీ వేయడం, మళ్లీ తీసేయడం, ఇదే పని. ఫలితం లేదు. తెల్లవారి బలగ నుంచి పరీక్ష కేంద్రానికి వెళ్తూ, దారిలో అప్పుడే తలుపులు తీస్తున్న జెరాక్స్ షాపులో హాల్‌టికెట్ తీయించుకొని గండం గట్టెక్కాం.

ఆ మధ్యాహ్నం ప్రింటరును ఆటోలో పెట్టుకొని ఏడు రోడ్ల కూడలి దగ్గరి మరమ్మతు దుకాణానికి బయలుదేరాను. అది ఇంకు ట్యాంకు ప్రింటరు. ఒళ్లో గట్టిగా పట్టుకున్నా గతుకుల్లో ఒక పక్కకు ఒరిగింది; నీలి ఇంకు అడుగు నుంచి కారి సంచంతా తడిసిపోయింది. దుకాణంలోని కుర్రాడు దాన్ని తుడిచి, తన కంప్యూటరుకు కేబులుతో తగిలించి, నిమిషంలో ఒక పేజీ తీసి నా చేతిలో పెట్టి, “దీనికేటైంది మాస్టారూ, సుబ్బరంగానే ఉంది కదా” అన్నాడు.

అతను చెప్పింది నిజమే. ప్రింటరులో లోపం లేదు, డ్రైవరులోనూ లేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు మా ఇంట్లో వైఫై ఇచ్చే రౌటరు పెట్టె ప్రింటరుకు కొత్త చిరునామా ఇచ్చింది. కంప్యూటరు మాత్రం పాత చిరునామాకే పేజీలు పంపుతూ కూర్చుంది. లోపం ఎక్కడుందో తేల్చుకోకుండా చేతికి దొరికిన చోటల్లా మరమ్మతు చేయడం వల్ల ఒక రాత్రి, ఆటో ఖర్చు, సగం సీసా ఇంకు వృథా అయ్యాయి. ఆ తరువాత ఇరుగుపొరుగు ఇళ్లలోనూ, విజయనగరంలో మా బంధువుల ఇంట్లోనూ ఇలాంటి ప్రింటర్లు అనేకం చూశాను. వాటన్నిటి నుంచి కుదురుకున్న వరసనే ఇక్కడ రాస్తున్నాను.

కాగితం మీద అక్షరం పడాలంటే మూడు చోట్ల పని సవ్యంగా సాగాలి: ప్రింటరులో, ప్రింటరుకూ కంప్యూటరుకూ మధ్య ఉన్న దారిలో, కంప్యూటరులో. దారి అంటే కేబులు కావచ్చు, వైఫై కావచ్చు. ఈ మూడింటిలో లోపం ఎక్కడుందో తెలిసేదాకా డ్రైవరు జోలికి వెళ్లవద్దు, ప్రింటరును గుమ్మం దాటించవద్దు. కింది మెట్లలో కంప్యూటరు సెట్టింగుల పేర్లు విండోస్ 11లో కనిపించేవి. విండోస్ 10లో కూడా పేర్లు దాదాపు ఇవే, చోటు కొంచెం మారుతుంది.

మొదటి మెట్టు: ప్రింటరును ఒంటరిగా పరీక్షించండి

యూఎస్‌బీ కేబులు ఉంటే కంప్యూటరు నుంచి పీకేయండి. స్కానరు మూత ఉన్న ప్రింటరు అయితే, గాజు పలక మీద అక్షరాలున్న ఏదైనా కాగితాన్ని బోర్లా పెట్టి, ప్రింటరు మీదే ఉన్న కాపీ బటన్ నొక్కండి. శుభ్రమైన నకలు బయటికి వచ్చిందంటే, కరెంటు, కాగితాన్ని లాగే రోలర్లు, ఇంకు, దాన్ని కాగితం మీద చిమ్మే ప్రింటు హెడ్డు అన్నీ బాగున్నట్లే. అప్పుడిక ప్రింటరును తెరవనక్కరలేదు, నేరుగా రెండో మెట్టుకు వెళ్లవచ్చు. స్కానరు లేని ప్రింటర్లలో కూడా ఏదో ఒక బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచితే సొంతంగా ఒక పరీక్ష పేజీ తీసే ఏర్పాటు ఉంటుంది. ఏ బటన్ అన్నది ప్రింటరుతో వచ్చిన చిన్న పుస్తకంలో ఉంటుంది.

ఈ ఒక్క పరీక్షకు అర నిమిషం పడుతుంది. ఆ రాత్రి నేను దీన్ని చేసి ఉంటే, ప్రింటరు బాగానే ఉందని దుకాణం కుర్రాడు చెప్పేదాకా ఆగవలసిన అవసరం ఉండేది కాదు.

నకలు రాకపోతే ప్రింటరు మీది దీపాలను చూడండి. కాగితం గుర్తు దగ్గర దీపం మిణుకుమంటుంటే కాగితం అయిపోయి ఉంటుంది, లేదా లోపల ఇరుక్కుని ఉంటుంది. ఇరుక్కున్న కాగితాన్ని తీసేముందు ప్రింటరును ఆపి ప్లగ్గు పీకి, వెనక మూత కూడా తెరిచి, కాగితం సహజంగా కదిలే దిశలోనే రెండు చేతులతో నెమ్మదిగా లాగండి. చిరిగితే ముక్కలన్నీ వచ్చాయో లేదో బల్ల మీద పేర్చి చూసుకోండి. గోరంత ముక్క మిగిలినా ప్రింటరు కాగితం ఇరుక్కుందనే అంటుంది. లేజరు ప్రింటరు అయితే లోపల అచ్చును కాల్చి అంటించే భాగం చాలా వేడిగా ఉంటుంది కనుక, అరగంట చల్లారనిచ్చాకే చేయి పెట్టాలి.

మన వైపు వర్షాకాలంలో కాగితం కూడా తగవు పెడుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, విప్పి బయట పెట్టిన రిమ్ములోని కాగితాలు చెమ్మ పీల్చుకొని ఒకదానికొకటి అంటుకుంటాయి. రెండు మూడు కలిసి లోపలికి పోయి ఇరుక్కుంటాయి. ట్రేలో ఉన్నవాటిని తీసేసి, కవరులోంచి కొత్తగా తీసిన పాతిక కాగితాలను అంచులు విసనకర్రలా విప్పి, బల్ల మీద తట్టి సరిచేసి పెట్టండి. మిగతా రిమ్మును మళ్లీ ప్లాస్టిక్ కవరులోనే చుట్టి బీరువాలో దాచుకోండి.

నకలు వచ్చినా గీతలు గీతలుగానో, తెల్లగానో, ఒక రంగు లేకుండానో వస్తే అది ఇంకు దారి సమస్య. ముందు నాజిల్ చెక్ పేజీ తీయండి; ఇంకు చిమ్మే సన్న రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో చూపే గీతల పేజీ ఇది. గీతల వరసలో ఎక్కడ తెగితే ఆ రంగు రంధ్రం మూసుకుపోయినట్లు. అప్పుడు హెడ్ క్లీనింగ్, అంటే ఆ రంధ్రాలను ఇంకుతోనే శుభ్రం చేసే పని, ఒకసారి చేసి, మళ్లీ నాజిల్ చెక్ చూడండి. రెండు మూడు సార్లకు బాగుపడకపోతే ఆపేసి, ప్రింటరును ఒక రాత్రంతా కదపకుండా వదిలేసి ఉదయం మళ్లీ చేయండి. క్లీనింగ్ చేసిన ప్రతిసారీ కొంత ఇంకు అడుగున ఉండే మెత్తలోకి పోతుంది. ఆ మెత్త నిండిపోతే ప్రింటరు తనంతట తానే పని ఆపేస్తుంది. అందుకే కోపంతో పదేపదే క్లీనింగ్ చేయడం మంచిది కాదు.

ఇంకు ఎండిపోవడానికి మన ఇళ్లలో ఒక పెద్ద కారణం ఉంది. ప్రింటరును దాని సొంత బటన్‌తో ఆపినప్పుడు ప్రింటు హెడ్డు ఒక మూలకు వెళ్లి, రబ్బరు మూత కింద ఒదిగి కూర్చుంటుంది. పని మధ్యలో గోడ స్విచ్చి ఆపేసినా, కరెంటు పోయినా హెడ్డు ఉన్నచోటే ఆగిపోయి, మూత లేకుండా గాలికి ఆరిపోతుంది. కనుక కరెంటు వచ్చిన తరువాత ప్రింటరును ఒకసారి వేసి, అది సర్దుకునేదాకా ఆగి, దాని బటన్‌తోనే ఆపండి. గోడ స్విచ్చి ఆ తరువాతే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటి విరామం తరువాత ప్రింటరు ముక్కితే, దానికి మొదట చేయవలసింది నాజిల్ చెక్. మామూలు రోజుల్లో అయితే వారానికి ఒక రంగుల పేజీ తీస్తూ ఉంటే చాలు.

రెండో మెట్టు: మూడింటినీ వరసగా ఆపి, వరసగా వేయండి

ప్రింటరు ఒంటరిగా బాగుంటే, కంప్యూటరు, ప్రింటరు, రౌటరు మూడింటినీ ఆపండి. ప్రింటరు ప్లగ్గును ఒక నిమిషం పాటు పీకి ఉంచండి. తరువాత ముందు రౌటరు వేసి, దాని దీపాలు నిలకడగా వెలిగేదాకా రెండు నిమిషాలు ఆగండి. ఆ తరువాత ప్రింటరు, చివరికి కంప్యూటరు. అన్నీ ఒక్కసారే వేస్తే, రౌటరు ఇంకా లేవకముందే ప్రింటరు వైఫై కోసం వెతికి, దొరక్క ఊరుకుంటుంది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. విండోస్‌లో ‘షట్ డౌన్’ నొక్కి ఆపినంత మాత్రాన కంప్యూటరు పూర్తిగా కొత్తగా మొదలుకాదు. త్వరగా లేవడం కోసం ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు, లోపలి పరిస్థితిలో కొంత భాగాన్ని డిస్కులో దాచి, మళ్లీ వేసినప్పుడు దాన్నే తిరిగి తెస్తుంది. చిక్కుపడిన డ్రైవరు అదే చిక్కుతో తిరిగి వస్తుంది. ‘రీస్టార్ట్’ నొక్కితేనే అంతా మొదటి నుంచి మొదలవుతుంది. అందువల్ల ఈ మెట్టులో కంప్యూటరు లేచిన తరువాత ఒకసారి రీస్టార్ట్ కూడా చేయండి.

మూడో మెట్టు: దారిని చూడండి

కేబులుతో వాడేవారికి పని సులువు. ప్రింటరు వైపు చదరంగా, కంప్యూటరు వైపు బల్లపరుపుగా ఉండే ఆ కేబులును రెండు చివరలా తీసి, గట్టిగా మళ్లీ పెట్టండి. పొడవునా వేళ్లతో తడిమి చూడండి. బల్ల వెనక పడి ఉండే కేబులును ఎలుకలు కొరకడం మన ఇళ్లలో అరుదేమీ కాదు. మధ్యలో హబ్బు లాంటిది ఉంటే తీసేసి నేరుగా కంప్యూటరుకే పెట్టండి. కేబులు ఐదు మీటర్లకు మించకూడదు; ఇంట్లో రెండు మీటర్లది చాలు. కంప్యూటరు మీది వేరే పోర్టులో (కేబులు పెట్టే రంధ్రంలో) పెట్టినప్పుడు విండోస్ అదే ప్రింటరును కొత్తదనుకొని, పేరు చివర ‘కాపీ 1’ అని చేర్చి రెండోసారి చూపవచ్చు. అప్పుడు మీరు పంపే పేజీలు పాత పేరుకు వెళ్లి అక్కడే ఆగిపోతాయి. కొత్త పేరును ఎంచుకొని ప్రింటు తీయండి, లేదా కేబులును పాత పోర్టుకే మార్చండి.

వైఫైతో వాడేవారు ముందుగా ఫోను తీయండి. ఫోను కూడా ప్రింటరు ఉన్న వైఫైలోనే ఉందని చూసుకొని, ఫోటో ఒకటి ఆ ప్రింటరుకు పంపండి. వచ్చిందంటే ప్రింటరూ బాగుంది, వైఫై దారీ బాగుంది; లోపం కంప్యూటరుదే. రాకపోతే ప్రింటరు అసలు వైఫైలో ఉందో లేదో తేల్చాలి. చాలా ఇంటి ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైను మాత్రమే పట్టుకోగలవు. రౌటరు 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టి ఉంటే, కంప్యూటరు దాంట్లో ఉన్నా ఫరవాలేదు కానీ, ప్రింటరుకు మాత్రం 2.4 పేరే ఇవ్వాలి. అతిథుల కోసం పెట్టుకున్న గెస్ట్ వైఫైలో కంప్యూటరు చేరి ఉంటే, అక్కడి నుంచి ప్రింటరు సాధారణంగా కనిపించదు. ఇంటర్నెట్ కంపెనీ వారు రౌటరు మార్చినా, మీరు పాస్‌వర్డ్ మార్చినా, ప్రింటరుకు ఆ సంగతి ఎవరూ చెప్పరు. దానికి కొత్త పాస్‌వర్డును మళ్లీ ఇవ్వవలసిందే.

ఇక మా ఇంట్లో జరిగిన చిరునామా మార్పు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కరెంటు తరచూ పోయే ఊళ్లలో ‘ఆఫ్‌లైన్’ అనే మాటకు ఎక్కువసార్లు కారణం ఇదే అవుతోందని నేను చూసిన ఇళ్లను బట్టి అనిపిస్తోంది. రౌటరు తన కింద ఉన్న ప్రతి పరికరానికీ 192.168.1.5 వంటి ఒక అంకె చిరునామా ఇస్తుంది. అది శాశ్వత పట్టా కాదు, అద్దె ఇల్లు. రౌటరు ఆగి మళ్లీ లేచినప్పుడు, ముందు అడిగిన ఫోనుకు ఆ ఇల్లు ఇచ్చేసి, తరువాత లేచిన ప్రింటరుకు వేరే ఇల్లు చూపవచ్చు. కంప్యూటరు మాత్రం పాత ఇంటి తలుపే తడుతుంది.

దీన్ని పట్టుకునే పద్ధతి ఇది. ప్రింటరు మీది వైఫై లేదా సమాచారం బటన్‌తో నెట్‌వర్క్ పేజీ తీయండి. అందులో ‘ఐపీ అడ్రస్’ అన్నచోట ఉన్న అంకెలను కాగితం మీద రాసుకోండి. కంప్యూటరులో బ్రౌజరు తెరిచి, వెబ్‌సైటు పేరు రాసేచోట ఆ అంకెలను చుక్కలతో సహా రాసి ఎంటర్ నొక్కండి. చాలా ప్రింటర్లు తమ సొంత పేజీని చూపిస్తాయి. ఆ పేజీ వచ్చిందంటే దారి తెరిచే ఉంది, కంప్యూటరు దగ్గరున్న చిరునామా తప్పై ఉండవచ్చు. అంకెలు 169.254తో మొదలైతే, ప్రింటరు రౌటరు దగ్గర చిరునామా తీసుకోలేకపోయిందని అర్థం. అప్పుడు రెండో మెట్టును మళ్లీ చేయాలి.

సరిచేయడానికి సెట్టింగ్స్‌లో ‘బ్లూటూత్ అండ్ డివైసెస్’, అందులో ‘ప్రింటర్స్ అండ్ స్కానర్స్’ తెరిచి, మీ ప్రింటరు పేరు మీద నొక్కి, ‘ప్రింటర్ ప్రాపర్టీస్’లోకి వెళ్లండి. అక్కడ ‘పోర్ట్స్’ (కంప్యూటరు పేజీలు పంపే దారుల జాబితా) అనే భాగంలో టిక్కు పెట్టి ఉన్న వరస పక్కన పాత చిరునామా కనిపిస్తుంది. ‘యాడ్ పోర్ట్’ నొక్కి, ‘స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్’ ఎంచుకొని, కాగితం మీద రాసుకున్న కొత్త అంకెలు ఇచ్చి ముగించండి. మా ఇంట్లో ఆగిపోయిన నాలుగు హాల్‌టికెట్లు ఒకదాని వెనక ఒకటి బయటికి వచ్చింది ఇలా చేసిన క్షణంలోనే. చిరునామా సరిగ్గా ఉండి, ప్రింటరు పేజీ బ్రౌజరులో తెరుచుకుంటూ కూడా ‘ఆఫ్‌లైన్’ అనే ఉంటే, అదే పోర్టును ఎంచి ‘కాన్ఫిగర్ పోర్ట్’ నొక్కి, ‘ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్’ దగ్గరి టిక్కు తీసేయండి. అది ‘ఉన్నావా’ అని విండోస్ ప్రింటరును పలకరించే ఏర్పాటు; ప్రింటరు ఆ పలకరింపుకు బదులివ్వనప్పుడు విండోస్ దాన్ని లేనట్టుగా భావిస్తుంది.

ఇది మళ్లీ జరగకుండా ఉండాలంటే ప్రింటరుకు స్థిరమైన చిరునామా ఇవ్వాలి. రౌటరు పేజీలోకి వెళ్లి, ‘డీహెచ్‌సీపీ రిజర్వేషన్’ లేదా ‘అడ్రస్ రిజర్వేషన్’ అనే చోట ప్రింటరు మ్యాక్ అడ్రస్‌ను, దానికి ఇవ్వదలచిన అంకెలను రాసి భద్రపరచాలి. మ్యాక్ అడ్రస్ అంటే ప్రతి పరికరానికీ తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య; అది కూడా ఆ నెట్‌వర్క్ పేజీలోనే ఉంటుంది. రౌటరు లోపలి పాస్‌వర్డ్ మీ దగ్గర లేకపోతే కనెక్షన్ ఇచ్చిన కుర్రవాడిని అడగండి. రెండు నిమిషాల పని, అడగడానికి మొహమాటపడవద్దు.

నాలుగో మెట్టు: కంప్యూటరులో ఆగిపోయిన వరసను ఖాళీ చేయండి

ముందుగా కంప్యూటరు ఏ ప్రింటరుకు పంపుతోందో చూడండి. ప్రింటు కిటికీలో పేరు ‘మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్’ అని ఉంటే, కాగితం ఎంతసేపటికీ రాదు. అది ఫైలు తయారుచేసే ఏర్పాటు మాత్రమే. ‘ప్రింటర్స్ అండ్ స్కానర్స్’ పేజీలో ‘లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్’ అనేది వేసి ఉంటే, చివరిసారి వాడినదాన్నే విండోస్ ముఖ్యమైనదిగా మార్చేస్తుంది. దాన్ని ఆపేసి, మీ ప్రింటరును మీరే డిఫాల్టుగా పెట్టుకోండి. తరువాత ప్రింటు క్యూ, అంటే ప్రింటు కోసం వరసలో ఉన్న పేజీల జాబితా, తెరిచి, ‘పాజ్’ పెట్టి లేదని చూసుకోండి. విండోస్ 10లో ఆ కిటికీ మెనూలో ‘యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్’ అనే టిక్కు ఉంటే తీసేయండి.

క్యూలో ఒక పేజీ ‘డిలీటింగ్’ అని గంటలకొద్దీ కదలకుండా ఉంటే, దాని వెనక ఉన్నవన్నీ ఆగిపోతాయి. రేషను దుకాణం వరసలో ముందున్న మనిషి వేలిముద్ర పడకపోతే వెనకవారంతా నిలబడినట్టే ఇదీ. విండోస్‌లో ఈ వరసను నడిపేది ‘ప్రింట్ స్పూలర్’ అనే సేవ. దాన్ని ఆపి, చెత్తను తీసి, మళ్లీ నడపాలి. స్టార్ట్ మెనూలో ఇంగ్లీషు అక్షరాలతో ‘సర్వీసెస్’ అని వెతికి తెరవండి. అక్షరక్రమంలో ఉన్న జాబితాలో ‘ప్రింట్ స్పూలర్’ మీద కుడి మౌసు నొక్కి ‘స్టాప్’ ఇవ్వండి. ఆ కిటికీని అలాగే ఉంచి, సి డ్రైవులో విండోస్, అందులో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డరు దాకా వెళ్లండి. అనుమతి అడిగితే ‘కంటిన్యూ’ నొక్కండి. అక్కడ ఎస్‌పీఎల్, ఎస్‌హెచ్‌డీ అనే తోకలతో కొన్ని ఫైళ్లు ఉంటాయి; అవే ఆగిపోయిన మీ పేజీలు. ఫైళ్లను మాత్రమే తీసేయండి, ఫోల్డరును ముట్టుకోవద్దు. మళ్లీ సర్వీసెస్ కిటికీకి వచ్చి ‘స్టార్ట్’ ఇవ్వండి. మొండిగా నిలిచిన క్యూను ఇంతకన్నా బాగా కదిలించే ఉపాయం నేను చూడలేదు.

ఇప్పుడు ప్రింటర్ ప్రాపర్టీస్‌లోనే ఉండే ‘ప్రింట్ టెస్ట్ పేజ్’ నొక్కండి. ఆ పేజీ వచ్చి, మీ కాగితం మాత్రం రాకపోతే లోపం ఆ ఫైలుది. తెలుగు అక్షరాలున్న కొన్ని పీడీఎఫ్‌లు తెర మీద చక్కగా కనిపించినా, కాగితం మీద గళ్లుగానో, ఒత్తులు విడిపోయో వస్తాయి. వాటిని అడోబీ రీడరులో తెరిచి, ప్రింటు కిటికీలో ‘అడ్వాన్స్‌డ్’ నొక్కి, ‘ప్రింట్ యాజ్ ఇమేజ్’ దగ్గర టిక్కు పెడితే పేజీ బొమ్మలా వెళ్లి, తెర మీద ఉన్నట్టే పడుతుంది. అలాగే కొన్ని ఫైళ్లలో కాగితం కొలత అమెరికా వారి ‘లెటర్’ అని ఉంటుంది. ట్రేలో ఉన్నది ఏ4. కొలత కలవలేదని ప్రింటరు ఆగిపోతుంది. ప్రింటు కిటికీలో ఏ4 ఎంచుకుంటే సరిపోతుంది.

ఐదో మెట్టు: డ్రైవరును తీసి మళ్లీ వేయండి

ఇంతదాకా వచ్చినా పనికాకపోతే ఇప్పుడు డ్రైవరు వంతు. ‘ప్రింటర్స్ అండ్ స్కానర్స్’లో ప్రింటరు పేరు నొక్కి ‘రిమూవ్’ ఇవ్వండి. అంతటితో డ్రైవరు పోదు. అదే పేజీలో ఉండే ‘ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్’ తెరిచి, ‘డ్రైవర్స్’ భాగంలో మీ ప్రింటరు డ్రైవరును ఎంచి, ప్యాకేజీతో సహా తీసేయాలి. కేబులు పీకి, కంప్యూటరు రీస్టార్ట్ చేసి, ప్రింటరు తయారుచేసిన కంపెనీ సొంత వెబ్‌సైటు నుంచి, ప్రింటరు మీద రాసి ఉన్న నమూనా సంఖ్యను అక్షరం పొల్లుపోకుండా ఇచ్చి డ్రైవరు దించుకోండి. డ్రైవరు వేస్తున్నప్పుడు అది అడిగినప్పుడే కేబులు పెట్టాలి. ముందే పెడితే విండోస్ తనకు తోచిన డ్రైవరు వేసేస్తుంది.

ఒక్కోసారి విండోస్ అప్‌డేట్ కూడా కారణమవుతుంది. 2025 జనవరి చివర్లో వచ్చిన ఒక అప్‌డేట్ తరువాత, యూఎస్‌బీతో కలిపిన కొన్ని ప్రింటర్లు అడగకుండానే అర్థంలేని అక్షరాల పేజీలు తీశాయి. మైక్రోసాఫ్టే ఆ సమస్యను ఒప్పుకొని తరువాతి అప్‌డేట్లలో సరిచేసింది. ప్రింటరు ఆగిన రోజూ, అప్‌డేట్ పడిన రోజూ ఒకటే అయితే, విండోస్ అప్‌డేట్‌లోని ‘అప్‌డేట్ హిస్టరీ’ నుంచి ఆ ఒక్కదాన్ని తీసి చూడవచ్చు. విండోస్ 10కు మాత్రం 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్టు మామూలు మద్దతు ముగిసింది కనుక, ఇంకా దాన్నే వాడుతున్నవారు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

ఆపిల్ మ్యాక్ వాడేవారికి దారి చిన్నది: సెట్టింగుల్లో ప్రింటర్ల జాబితా మీద కంట్రోల్ నొక్కి క్లిక్ చేస్తే ‘రీసెట్ ప్రింటింగ్ సిస్టమ్’ వస్తుంది, అది అన్నిటినీ తుడిచేస్తుంది, ఆ తరువాత ప్రింటరును కొత్తగా చేర్చుకోవాలి.

డ్రైవరు కోసం వెతికేవారందరికీ ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రింటరు కంపెనీ కస్టమర్ కేర్ నంబరు అని ఇంటర్నెట్‌లో వెతికితే, మోసగాళ్లు పెట్టిన నంబర్లు కూడా కనిపిస్తాయి. వారు తియ్యగా మాట్లాడి, మీ కంప్యూటరును దూరం నుంచి నడిపే యాప్ వేయించి, బాగుచేసినందుకు పది రూపాయలు పంపమని బ్యాంకు వివరాలు తీసుకుంటారు. నంబరును ప్రింటరు డబ్బా మీద నుంచో, కంపెనీ సొంత సైటు నుంచో మాత్రమే తీసుకోండి. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేసి ఫిర్యాదు చేయండి.

ఆరో మెట్టు: దుకాణానికి తీసుకువెళ్లవలసి వస్తే

ప్రింటరు ఒంటరిగా కూడా నకలు తీయకపోతే, దీపాలన్నీ ఒక్కసారే మిణుకుతుంటే, లోపల పళ్లచక్రాలు కరకరమంటుంటే అది దుకాణం పనే. ఇంకు ట్యాంకు ప్రింటరును ఎప్పుడూ పక్కకు వంచవద్దు. మూతలు గట్టిగా బిగించి, అడుగున పాత టవలు పరిచి, పెద్ద ప్లాస్టిక్ సంచిలో నిటారుగా ఉంచి, ఆటోలో ఒళ్లో కాకుండా నేల మీద కాళ్ల మధ్య పెట్టుకోండి. కొన్ని పాత నమూనాల్లో ట్యాంకు పక్కన ఇంకు దారిని మూసే చిన్న మీట ఉంటుంది. బయలుదేరే ముందు దాన్ని మూసి, ఇంటికి వచ్చాక తప్పనిసరిగా తెరవాలి. తెరవడం మరిచి, ప్రింటరు మళ్లీ పాడైందని బాధపడినవారిని చూశాను.

దుకాణంలో ‘పనిచేయడం లేదు’ అని మాత్రం చెప్పకండి. నకలు వస్తోందా లేదా, ఫోను నుంచి వస్తోందా లేదా, తెర మీద ఏ మాట కనిపించింది, అంతకు ముందు కరెంటు పోయిందా, రౌటరు మారిందా అన్నవి చెప్పండి. అలా చెబితే అక్కడి మనిషి నేరుగా లోపం ఉన్నచోటే చేయి పెడతాడు, మీ డబ్బూ మిగులుతుంది. లేజరు ప్రింటరు ఉన్నవారు మరొక సంగతి కూడా చూసుకోవాలి. అది వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది కనుక, కంప్యూటరు యూపీఎస్‌కు దాన్ని తగిలించకుండా, నేరుగా గోడ సాకెట్టుకే పెట్టాలి. ఉరుములు మొదలైతే ఏ ప్రింటరునైనా బటన్‌తో ఆపి, ప్లగ్గు పీకేయాలి.

మా ప్రింటరు మూత లోపలి వైపు ఇప్పుడు ఒక చీటీ అతికించి ఉంది. నమూనా సంఖ్య, వైఫై పేరు, రౌటరులో దానికి రాసిపెట్టిన 192.168.1.50 అనే చిరునామా, మ్యాక్ అడ్రస్, డ్రైవరు వేసిన తేదీ, హెడ్ క్లీనింగ్ చేసిన రోజులు దాని మీద వరసగా ఉన్నాయి. పోయిన నెల కరెంటు పోయి వచ్చాక మా అమ్మాయి ముందు కాపీ బటన్ నొక్కి నకలు చూసుకొని, చీటీలోని అంకెలను బ్రౌజరులో రాసి ప్రింటరు పేజీ తెరిచి, అది బాగుందని తేలాక క్యూ ఒక్కటి ఖాళీ చేసింది. నేను బజారు నుంచి వచ్చేసరికి ట్రేలో ప్రాజెక్టు పేజీలు ఉన్నాయి.